ఎనభై రూపాయల అప్పు

1959 మార్చి 15, ఆదివారం. బొంబాయి, గిర్‌గావ్.

డాబా మీద ఎండ ముదురుతోంది. చౌపాటీ సముద్రం దగ్గరే. గాలి నిండా ఉప్పు, జిగట. ఏడుగురు ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపి, పీటలు ముందేసుకుని కూర్చున్నారు. మధ్యలో మినప్పిండి ముద్ద. ఇంగువ ఘాటు మెట్ల దాకా కొడుతోంది. నూనె రాసుకున్న అరచేతులతో పిండిని లాగి, మడిచి, మళ్లీ లాగి, చిన్న చిన్న ఉండలు తుంచి, పీట మీద పెట్టి కర్రతో ఒత్తుతూ, అంచు ఎక్కడా మందం కాకుండా గుండ్రంగా తిప్పుతూ, ఒత్తిన దాన్ని రెండు వేళ్లతో అందుకుని ఎండలో పరిచి, అది ఆరేలోగా ఇంకొకటి, ఆ వెంటనే మరొకటి, అలా ఏడు జతల చేతులు ఆగకుండా ఆడాయి.

చివరికి లెక్క చూసుకున్నారు. నాలుగు ప్యాకెట్లు.

నాలుగంటే నాలుగే. వాటి వెనకాల ఎనభై రూపాయల అప్పుంది. సరుకు అమ్ముడుపోకపోతే ఆ అప్పు ఏడిళ్ల మీద పడుతుంది.

జస్వంతీబెన్ పోపట్. పార్వతీబెన్ ఠోడానీ. ఉజమ్‌బెన్ కుండలియా. బానూబెన్ తన్నా. లాగూబెన్ గోకానీ. జయాబెన్ విఠలానీ. దివాళీబెన్ లుక్కా. అందరూ ఉండేది లోహాణా నివాస్‌లోనే. ఐదు భవనాల సముదాయం అది. గుజరాతీ కుటుంబాలు. పెద్ద చదువుల్లేవు. మగవాళ్లు పనికి వెళ్లిపోయి, పిల్లలు బడికి పోయి, వంటిల్లు సర్దుకునేసరికి ఇంకా బోలెడు పొద్దుంటుంది. తెచ్చే జీతం ఇంటికి చాలదు. గడప దాటి ఉద్యోగం చేసే వీల్లేదు. చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే. అప్పడం ఒత్తడం ఆ ఇళ్లలో పుట్టిన ఆడపిల్లకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పక్కర్లేదు. పని తెలుసు. మినుములు కొనడానికి మాత్రం డబ్బు లేదు.

ఎవర్ని అడగాలి?

వడ్డీ వ్యాపారిని అడిగితే ముందు ఒంటి మీది బంగారం వైపు చూస్తాడు. బజారులో టోకు వర్తకుణ్ని అడిగితే అడ్వాన్సు ఇస్తాడు. ఇచ్చినవాడే ధర చెబుతాడు. ఏడాది తిరక్కుండా ఏడుగురూ అతని దగ్గర కూలికి ఒత్తుతుంటారు. డబ్బున్న భాగస్తుణ్ని తెచ్చుకుంటే గల్లాపెట్టె తాళం అతని జేబులోకి వెళ్తుంది. ఏదో ధర్మసంస్థ గుమ్మం ఎక్కితే డబ్బొస్తుంది, తిరిగి ఇవ్వక్కర్లేదు కూడా. కానీ ఆ మర్నాటి నుంచి వీళ్లు వ్యాపారం చేసేవాళ్లు కారు. పాపం, ఆడవాళ్లు.

ఇంకో మనిషి మిగిలాడు.

ఛగన్‌లాల్ కరంసీ పారేఖ్. సంఘసేవకుడు. గోపాలకృష్ణ గోఖలే 1905లో పుణెలో పెట్టిన సర్వెంట్స్ ఆఫ్ ఇండియా సొసైటీ సభ్యుడు. అందరూ ఛగన్‌బాపా అంటారు. బాపా అంటే పెద్దాయన, తండ్రిలాంటివాడు. అలాంటి మనిషి దగ్గరికి సాయానికి వెళ్తే దానం దొరకడం తేలిక. వీళ్లు అడిగింది అప్పు. ఎనభై రూపాయలు. ఆయన ఇచ్చారు. కంపెనీలో వాటా అడగలేదు, సరుకు మీద హక్కు అడగలేదు.

ఆ డబ్బుతో వీళ్లు చేసిన పని వింటే ఏ వ్యాపారస్తుడికైనా గుండె గుభేలుమంటుంది. అప్పటికే నష్టాల్లో నడుస్తున్న ఒక అప్పడాల వ్యాపారాన్ని తీసుకున్నారు. ఒక మనిషి నడపలేక చేతులెత్తేసిన పని. దాన్నే నెత్తికెత్తుకుని, కావలసిన సరుకూ కాసిని సామానూ కొనుక్కున్నారు. చిల్లర కూడా జాగ్రత్తగా వాడాల్సిన పరిస్థితి. అప్పడాలు ఎండాయి. ప్యాకెట్లు కట్టారు. ఇక కొనేవాడు కావాలి.

భూలేశ్వర్. గిర్‌గావ్‌కు అట్టే దూరం లేదు. గుడులు, కిక్కిరిసిన సందులు, కిరాణా కొట్లు, తోపుడుబండ్ల కేకలు. అక్కడ ఒక తెలిసిన వర్తకుడున్నాడు. నాలుగు ప్యాకెట్లు అతని కొట్లోకి వెళ్లాయి.

అమ్ముడుపోయాయి. ఇంకా తెమ్మన్నాడు.

* * *

డాబా మీద పీటలు పెరిగాయి. పక్క భవనం నుంచి ఒకరు, కింది అంతస్తు నుంచి ఇంకొకరు వచ్చారు. మూడు నెలలు తిరిగేసరికి పాతికమంది దాకా అయ్యారు. గిన్నెలు కొన్నారు. బీరువాలు కొన్నారు. స్టవ్‌లు కొన్నారు. చేతులు పెరిగాక ఒక కొత్త చిక్కు మొదలైంది. అందరి చెయ్యీ ఒకటి కాదు.

ఒకామె ఒత్తితే పల్చగా, అంచు నుంచి అంచు దాకా ఒకే మందంలో వస్తుంది. ఇంకొకామె అప్పడం మధ్యలో లావు, చివర్లో చిరుగు. పారేయడానికి మనసొప్పదు. మినుములు ఊరికే రాలేదు. అందుకని రెండు రకాలు చేశారు. మంచిది మంచి ధరకు, రెండో రకం చవగ్గా. ఎక్కడా వృథా లేదు, ఎవరికీ చెడ్డపేరు లేదు. బజారులో అందరూ చేసేదే. చూడ్డానికి తెలివైన పనిలాగే ఉంది.

ఛగన్‌బాపా ఒప్పుకోలేదు.

అప్పిచ్చిన మనిషి అడగాల్సింది అప్పు ఎప్పుడు తీరుస్తారని. ఆయన అడిగింది అప్పడం గురించి. రెండు రకాలు వద్దన్నారు. ఒకే రకం చెయ్యండి, ఒకే నాణ్యత, దాని దగ్గర ఎప్పుడూ రాజీ పడొద్దు అన్నారు. చవక రకం చేతికి అలవాటైతే మంచి రకం ఒత్తే చెయ్యి కూడా సడలుతుంది. కొన్నవాడు రెండో రకం తిని మొదటి రకాన్ని తిడతాడు. ఏడుగురికీ ఇది కొరుకుడుపడే మాటేనా? రెండో రకం మానేస్తే ఆ నెల రాబడి తగ్గుతుంది. తగ్గితే అప్పు?

మానేశారు.

ఇక్కడే ఈ కథలో ఒక చిన్న సంగతి కనిపిస్తుంది, నాకు అన్నిటికంటే నచ్చేది అదే. విరిగిన అప్పడాలను వాళ్లు అమ్మలేదు. చుట్టుపక్కల ఇళ్లకు పంచిపెట్టారు. రూపాయి రూపాయికీ తడుముకుంటున్నవాళ్లు, ముక్కలైన సరుకును చవగ్గా వదిలించుకునే దారి కళ్లముందున్నా, ఆ ముక్కలకు ధర కట్టలేదు. సంచిలోకి వెళ్లిందంటే అది నిఖార్సైన అప్పడమే అయ్యుండాలి. అంతే.

బాపా రెండో మాట ఇంకా కష్టమైంది. లెక్కలు రాయండి అన్నారు.

ఎంత పిండి తడిపారు, ఎన్ని అప్పడాలు వచ్చాయి, కొట్టువాడు ఎంత ఇచ్చాడు, ఇంకా ఎంత బాకీ ఉన్నాడు, ఎవరికి ఎంత కూలి ముట్టింది, మిగిలిందెంత. ప్రతి పైసా కాగితం మీదకి రావాలి. దీన్ని సేవలాగా చూడొద్దు, వ్యాపారంలాగే నడపండి అని ఆయన పట్టుబట్టారు. తెలుగునాట పొదుపు సంఘాల్లో ఇవాళ మహిళలు నెలనెలా పుస్తకం రాయడం మనకు మామూలు దృశ్యం. 1959లో ఒక డాబా మీద, అంతంతమాత్రం చదువుకున్న గృహిణులకు అది కొత్త భాష నేర్చుకున్నట్టే. పప్పులో ఎంత ఉప్పు వేయాలో కళ్లతో కొలిచే మనుషులు, అంకెల్లో కొలవడం మొదలుపెట్టారు.

అంతకు ముందే వాళ్లంతట వాళ్లు ఒక నిర్ణయం తీసేసుకున్నారు. నష్టమొచ్చినా సరే, విరాళం కోసం ఎవరి గుమ్మమూ తొక్కకూడదు.

నిర్ణయం తీసుకున్నప్పుడు ఆకాశం నిర్మలంగా ఉంది. జూన్ వచ్చింది.

* * *

బొంబాయి వానంటే తెలిసినవాళ్లకు తెలుసు. ముందు గాలి బరువెక్కుతుంది. గోడలు చెమ్మగిల్లుతాయి. ఉప్పు డబ్బాలో నీరు ఊరుతుంది. తర్వాత ఒక మధ్యాహ్నం సముద్రం మీంచి నల్లటి తెర కదిలొస్తుంది, ఇక డాబా అంతా నీళ్లే. వారాల తరబడి సూర్యుడు కనపడడు. ఉతికిన బట్టలే ఆరవు.

అప్పడం ఎలా ఆరుతుంది?

ఆరదు. పచ్చిగా ఉన్నది మూటగడితే బూజు పడుతుంది. బూజు పట్టిన ఒక్క ప్యాకెట్ చాలు, భూలేశ్వర్‌లో సంపాదించుకున్న పేరు పోవడానికి. పీటలు ఎత్తిపెట్టారు. కర్రలు మూలన చేరాయి. పని ఆగిపోయింది. ఒక వారం కాదు, ఒక నెల కాదు. నాలుగు నెలలు.

పాతికమంది ఇళ్లలో నాలుగు నెలల రాబడి లేదు. అప్పుడప్పుడే చేతిలో నాలుగు డబ్బులు ఆడటం అలవాటైన ఆడవాళ్లు మళ్లీ కూరగాయల ఖర్చుకు భర్త ముందు చేయి చాచాల్సిన రోజులు. విరాళం వద్దన్న మాటను పరీక్షించడానికి ఇంతకంటే గట్టి వాన ఏం కావాలి? ఊళ్లో దయగల ధనవంతులకు తక్కువా? ఒక్క కబురు పంపితే చాలు.

పంపలేదు.

వాన వెలిసింది. పీటలు మళ్లీ డాబా ఎక్కాయి. ఏడాది ముగిసేసరికి లెక్కల పుస్తకం తెరిచారు. మొదటి సంవత్సరం అమ్మకాలు 6,196 రూపాయలు. నాలుగు నెలలు చేతులు కట్టుకుని కూర్చుని కూడా! ఆ అంకె ఇవాళ మనకు తెలుస్తోందంటే, రాయమన్నవారొకరు ఉన్నారు కాబట్టి, రాసినవాళ్లు రాశారు కాబట్టి.

పుస్తకంలో లాభం పక్కనే ఒక ఖాళీ కూడా కనపడుతోంది. నాలుగు నెలల ఖాళీ. వచ్చే జూన్‌కు మళ్లీ వాన వస్తుంది.

దానికి విరుగుడు కోసం ఎవరి దగ్గరికీ పోలేదు. వాళ్లకు కావలసిన నిపుణులు వాళ్లే. ఒక మంచం కొన్నారు. ఒక స్టవ్ కొన్నారు. అప్పడాలు మంచం మీద పరిచారు. స్టవ్ మంచం కింద పెట్టి వెలిగించారు. బయట చూరు నుంచి ధార కారుతోంది, వీధిలో మోకాలి లోతు నీళ్లు, గది లోపల మాత్రం వేడి మెల్లగా పైకి లేచి, మంచం సందుల్లోంచి దూరి, ఒక్కో అప్పడం అడుగునా తగిలి, చెమ్మను లాగేస్తూ, మిరియాలూ ఇంగువా కలిసిన వాసనతో గదిని నింపేసింది. ముట్టుకుని చూశారు. ఆరింది.

రెండో ఏడు వాన ఆ పనిని ఆపలేకపోయింది.

* * *

నోటి మాట పాకింది. ప్రాంతీయ భాషల పత్రికలు రాశాయి. రెండో ఏడాదికి సభ్యులు నూరు, నూటయాభై. మూడో ఏడాది చివరికి మూడొందలు దాటారు. మొదట్లో చిన్నపిల్లల్నీ రానిచ్చారు. తర్వాత పద్దెనిమిదేళ్లు నిండాలని నియమం పెట్టుకున్నారు.

డాబా చాలలేదు. మూడొందల పీటలు ఏ డాబా మీద పడతాయి? గోదాము అద్దెకు తీసుకోవచ్చు. దానికి పెట్టుబడి కావాలి. పెట్టుబడికి మనిషి కావాలి. ఆ మనిషి వస్తే వెంట షరతులొస్తాయి. మళ్లీ అదే చౌరస్తా.

వాళ్లు పిండిని ఇళ్లకు పంపారు. కలిపిన పిండి ఒకచోట తయారవుతుంది. రుచి అక్కడే ఖాయమైపోతుంది. ఎవరి వాటా వాళ్లు తీసుకెళ్లి, ఇంట్లో, తమ వంట చూసుకుంటూ, పసిపిల్లను ఒళ్లో వేసుకుని, వీలు చిక్కినప్పుడల్లా ఒత్తి, ఆరబెట్టి, తిరిగి తెచ్చి తూకం వేయిస్తారు. తూకం దగ్గర నాణ్యత తేలిపోతుంది. ప్యాకింగ్ మళ్లీ ఒకేచోట. ఒక్క గోడ కట్టకుండా కర్మాగారం పెరిగింది.

అన్నీ కలిసి రాలేదు. 1961లో ఊరి శివారు మలాడ్‌లో శాఖ పెట్టబోతే అది నిలబడలేదు. దాన్ని వదిలేసి ముందుకు పోయారు.

1962లో సరుకుకు పేరు కావలసి వచ్చింది. ఏ ప్రకటనల కంపెనీకీ కబురు పంపలేదు. తమలోనే పోటీ పెట్టారు. గెలిచినవాళ్లకు ఐదు రూపాయల బహుమతి. ధీరజ్‌బెన్ రూపారేల్ ఒక గుజరాతీ మాట చెప్పింది. రుచి అని అర్థం. లిజ్జత్.

శ్రీ మహిళా గృహ ఉద్యోగ్ లిజ్జత్ పాపడ్. 1962-63లో అమ్మకాలు 1,82,000 రూపాయలు. మొదటి ఏడాదికి దాదాపు ముప్ఫై రెట్లు. మన ఇళ్లలో టీవీ ముందు కూర్చుని లిజ్జత్ కుందేలు బొమ్మ ప్రకటన చూసి నవ్విన పిల్లలకు ఈ లెక్కలేవీ తెలియవు.

ఇక ప్రమాదం వేరే వైపు నుంచి మొదలైంది. ఇంత పెద్ద డబ్బు, ఇన్ని వందలమంది, చట్టం దృష్టిలో మాత్రం ఇదేమీ కాదు. రేపు ఎవరైనా వచ్చి ఇది నాది అంటే?

* * *

1966 జూలై. మళ్లీ వానాకాలమే. ఈసారి సంతకాల కాగితాలు తడవకుండా చూసుకోవాలి. 1860 నాటి సొసైటీల చట్టం కింద సంస్థను రిజిస్టర్ చేశారు. ఇప్పుడు దానికి చట్టం ఎరిగిన పేరు ఉంది.

అదే నెలలో ఛగన్‌బాపా ఇంకో తలుపు తట్టారు. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ తలుపు. పార్లమెంటు చట్టంతో పుట్టిన సంస్థ. దాని అధ్యక్షుడు యు.ఎన్. ధేబర్. ఒకప్పటి సౌరాష్ట్ర ముఖ్యమంత్రి, కాంగ్రెస్ అధ్యక్షుడిగా చేసిన మనిషి. బాపా సిఫారసు చేశారు. ధేబర్ కాగితాలు చూసి సంతకం పెట్టి పంపలేదు. తనే స్వయంగా వచ్చి పరిశీలించారు.

ఆయన ముందు ఏమున్నాయి? దయ పుట్టించే కష్టాల కథలు చెప్పొచ్చు. ఆ అవసరం లేకపోయింది. ఏడేళ్లుగా నడిచిన వ్యాపారం ఉంది. ఒకే రకం సరుకుంది. అమ్మకాల పద్దులున్నాయి. కూలి ముట్టిన ఆడవాళ్లున్నారు. ప్రభుత్వం తరఫున వచ్చిన మనిషికి చూపించడానికి అంతకు మించి ఏం కావాలి?

సెప్టెంబరులో జవాబు వచ్చింది. గుర్తింపు దొరికింది. ధాన్యాలు, పప్పుల శుద్ధి పరిశ్రమల కోవలో గ్రామీణ పరిశ్రమగా. పుట్టింది బొంబాయి నడిబొడ్డున, అయినా ముద్ర గ్రామీణ పరిశ్రమది. దాంతోపాటు కొన్ని పన్నుల మినహాయింపు. నిర్వహణ పెట్టుబడిగా ఎనిమిది లక్షల రూపాయలు.

ఎనభై రూపాయలకు సరిగ్గా పదివేల రెట్లు.

ఈ ఎనిమిది లక్షలు 1959లోనే వచ్చుంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. లెక్క రాయడం రాని చేతుల్లో, ఒక వానాకాలం కూడా చూడని వ్యాపారంలో ఆ డబ్బు ఎటు పోయేదో ఎవరికీ అంతుపట్టేది కాదు. ఇచ్చినవాళ్లు లెక్క అడగడానికి అధికారిని పంపేవాళ్లు, ఆ అధికారి కుర్చీ వేసుకుని కూర్చునేవాడు, ఆడవాళ్లు మళ్లీ పీటల దగ్గరికి, నోరు మూసుకుని. ఏడేళ్ల తర్వాత వచ్చింది కాబట్టి అది మినుములు కొనే డబ్బుగానే మిగిలింది. పెత్తనంగా మారలేదు.

పెద్ద డబ్బుతో పాటు పెద్ద పని వచ్చింది. బళ్లు కావాలి, బళ్లు నడిపేవాళ్లు కావాలి. గోదాములకు కాపలా కావాలి. పద్దులు చూసే గుమాస్తాలు కావాలి. బయటి మనుషులు లోపలికి రాక తప్పదు. మగవాళ్లు వస్తారు. చదువుకున్నవాళ్లు, చట్టం తెలిసినవాళ్లు, గట్టిగా మాట్లాడేవాళ్లు వస్తారు. ఒత్తే చేతుల్లోంచి పగ్గాలు జారిపోయేది సాధారణంగా ఇక్కడే.

సభ్యత్వం ఆడవాళ్లకే అని నియమం. సభ్యురాలు అక్కడ బెహెన్, అంటే అక్కచెల్లెలు. లాభమొచ్చినా నష్టమొచ్చినా వాళ్లదే. మగవాళ్లు గుమాస్తాగా, డ్రైవరుగా, కాపలాదారుగా పని చేయొచ్చు. నెల జీతం తీసుకోవచ్చు. సభ్యులు కాలేరు, వాటా అడగలేరు. ఈ నియమం ముందు మినహాయింపులు లేవు. మొదటి ఎనభై రూపాయలు ఇచ్చి, ఒకే రకం చెయ్యమని, లెక్క రాయమని, ధేబర్ గడప దాకా నడిపించిన ఛగన్‌బాపాకైనా ఆ సంస్థలో ఉన్న స్థానం మార్గదర్శిదే. యజమానులు వాళ్లు.

పొద్దున్నే శాఖ దగ్గర వరస కడతారు. నిన్న ఒత్తిన అప్పడాలు అప్పగిస్తారు. తూకం. ఒత్తిన కూలి, వాళ్ల మాటల్లో వణాయి, చేతికి అందుతుంది. ఇవాళ్టి పిండి తీసుకుని ఇంటికి బయల్దేరతారు. 1968లో గుజరాత్‌లోని వాలోడ్‌లో, మహారాష్ట్ర దాటిన తొలి శాఖలోనూ ఇదే పద్ధతి మొదలైంది. మలాడ్‌లో నిలబడనిది వాలోడ్‌లో నిలబడింది. తర్వాత హైదరాబాద్‌తో సహా ఎన్నో ఊళ్లకు పాకింది.

2021లో భారత ప్రభుత్వం పద్మ పురస్కారాల జాబితా ప్రకటించింది. అందులో డాబా మీది ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్ పేరుంది. పద్మశ్రీ. అప్పటికి ఆమె తొంభై ఏళ్ల పెద్దావిడ. జాబితాలో ప్రతి పేరు పక్కనా ఏ రంగమో రాస్తారు. పేదింటి ఆడవాళ్లకు దారి చూపిన మనిషి కాబట్టి సమాజ సేవ అని రాసుంటారని చాలామంది అనుకోవచ్చు. ఆమె పేరు పక్కన రాసింది వాణిజ్యం, పరిశ్రమలు.